గ్రౌండుకి తాళం పడ్డ రోజులు (శ్రీకాకుళంలో ఒక పీడీ మాస్టారి ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనకాల వినబడతందా? ఆ ఫ్యాను కొంచెం తగ్గించండి బాబూ, మైకులోకి గాలి కొడతంది. ఆ, సరే.

ముందే చెప్పేస్తాను, నేను డాక్టర్ని కాదు, సైకాలజీ లెక్చరర్ని కూడా కాదు. డిగ్రీ కాలేజీలో పీడీని, అంటే ఫిజికల్ డైరెక్టర్ని, విజిల్ ఊదీవాడిని. మెంటల్ హెల్త్ మీద మాట్లాడమని పిలిచారంటే మా స్టాఫ్ రూములో నవ్వారు, "మాస్టారూ, మీరేటి మనసు గురించి, మీది కబడ్డీ కదా" అని. నవ్వనీండి. లాక్‌డౌన్ అయ్యాక పిల్లలు కాలేజీకి తిరిగొచ్చినప్పుడు వాళ్ళకి ఏటయ్యిందో ముందు తెలిసింది మాకే. క్లాసులో మాస్కు పెట్టుకుని బెంచీ మీద కూర్చుంటే అందరూ ఒకేలా ఉంటారు, రెండు రౌండ్లు పరిగెత్తరా అంటే అప్పుడు తెలుస్తాది ఎవడెలా ఉన్నాడో.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకి ఒక విచిత్రం ఉంది, మీకు గుర్తుందో లేదో. 2020 మార్చి 22 ఆదివారం జనతా కర్ఫ్యూ, సాయంత్రం అయిదింటికి గుమ్మాల్లోకి వచ్చి కంచాలు వాయించాం. 25 నుంచి లాక్‌డౌన్. ముందు 21 రోజులన్నారు, తర్వాత మే 3 అన్నారు, 17 అన్నారు, 31 అన్నారు. కానీ శ్రీకాకుళంలో ఏప్రిల్ ఆఖరి వారం దాకా ఒక్క కేసు లేదు, విజయనగరంలో అయితే మే మొదటి వారం దాకా లేదు, రాష్ట్రంలో అన్నింటికన్నా ఆఖరున కేసు వచ్చిన జిల్లా అదే. అంటే ఏటి, జబ్బు రాకముందే జబ్బు తాలూకు బతుకు మనకి వచ్చీసింది. అందుకని ఆ మొదటి రోజుల్లో మన పిల్లల ఒంటికీ మనసుకీ ఏదైతే అయ్యిందో అది వైరస్ చేసింది కాదు, ఇంట్లో కూర్చోవడం చేసింది. లాక్‌డౌన్ పెట్టడం తప్పా ఒప్పా అని నేను అనట్లేదు, 2021 మే నెలలో మధ్యాహ్నం పన్నెండింటి నుంచి కర్ఫ్యూ పెట్టిన రోజుల్లో ఊళ్ళల్లో ఎంతమంది పోయారో అందరం చూశాం, మా వీధిలోనే చూశాం. పెట్టాల్సొచ్చింది, పెట్టారు. దాని ఖరీదు ఎవరు కట్టారు అన్నదే నా మాట. వయసులో ఉన్న పిల్లలు కట్టారు. వాళ్ళ మీద జబ్బు ప్రభావం తక్కువ, మూసెయ్యడం ప్రభావం ఎక్కువ.

ఒక్కసారి ఆలోచించండి. పాతపట్నం దగ్గర్నుంచో సారవకోట దగ్గర్నుంచో శ్రీకాకుళం వచ్చి చదువుకునీ కుర్రాడు. పొద్దున్న ఆరింటికి లేస్తాడు, లేకపోతే బస్సు దొరకదు. ఊర్లోంచి మెయిన్ రోడ్డుకి నడుస్తాడు. బస్సులో సీటుండదు, నిలబడే వస్తాడు. కాంప్లెక్సులో దిగి కాలేజీకి నడుస్తాడు, ఆటోకి డబ్బులెందుకని. ల్యాబ్ పైన మూడో ఫ్లోరు. మధ్యలో క్యాంటీను, క్యాంటీన్లో గొడవ, ఎవరిదో పుట్టినరోజు, ఎవడో ఎవర్నో చూసి ఏదో అన్నాడని ఇంకో గొడవ, సాయంత్రం మళ్ళీ నడక, మళ్ళీ బస్సు. దీన్ని ఎవరైనా ఎక్సర్‌సైజ్ అన్నారేటి? ఎవరూ అనలేదు. చిరాకు అన్నాం, టైము వేస్టు అన్నాం. లాక్‌డౌన్లో సిలబస్ ఆగకూడదని జూమ్ పెట్టాం, గూగుల్ మీట్ పెట్టాం, ఈ చిరాకులన్నిటికీ బదులు మాత్రం ఏమీ పెట్టలేదు. నిజానికి వాడి ఆరోగ్యం అందులోనే ఉంది, అదీ ఎవరికీ తెలీదు, వాడికీ తెలీదు.

ఇది నా సొంత కవిత్వం కాదు, లెక్కలున్నాయి. అమెరికాలో పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ స్టూడెంట్స్ కొంతమందికి కరోనాకి ముందు నుంచే ఒక స్టడీ కోసం చేతికి ఫిట్‌నెస్ బ్యాండ్లు కట్టి ఉన్నాయి. దాంతో ముందు ఎలా ఉన్నారు, తర్వాత ఎలా అయ్యారు అన్నది వాళ్ళ నోటిమాట మీద ఆధారపడకుండా దొరికింది. రోజుకి సుమారు 10,000 అడుగులు వేసీవాళ్ళు 4,600కి పడిపోయారు. స్క్రీన్ టైము రెట్టింపు దాటి రోజుకి అయిదు గంటల పైకి వెళ్ళింది. మనుషులతో కలిసి గడిపీ టైము సగానికి పైగా తగ్గి అరగంట లోపుకి వచ్చింది. నిద్ర మాత్రం రాత్రికి పాతిక ముప్పై నిమిషాలు పెరిగింది. డిప్రెషన్ రిస్కులో ఉన్నవాళ్ళు 46, 61 శాతాల మధ్య తేలారు. 2021లో అచ్చయిన స్టడీ ఇది. అందులో ఇంకో ముక్క ఉంది, అది నాలాంటి పీడీలకి అస్సలు నచ్చని ముక్క, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

అడుగులు తగ్గితే ఏటవుతుందిలే అనుకోవద్దు. కరోనాకి పదేళ్ళ ముందే డెన్మార్క్‌లో పదిమంది ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ళని పట్టుకుని, నడక తగ్గించెయ్యండి అన్నారు, రోజుకి పదివేల అడుగుల నుంచి పదమూడు పద్నాలుగొందలకి. రెండు వారాలే. ఆ రెండు వారాల్లో కాళ్ళ కండ దాదాపు 3 శాతం తగ్గింది, ఊపిరి సత్తువ 7 శాతం పడిపోయింది, ఇన్సులిన్ పనిచేసే తీరు కూడా దెబ్బతింది. మన పిల్లలు రెండు వారాలు కాదు, మార్చిలో ఇంటికెళ్ళినవాళ్ళు నవంబర్ 2 తర్వాత విడతలు విడతలుగా కాలేజీలకొచ్చారు, కాస్త గాడిలో పడ్డారనుకునీసరికి 2021 ఏప్రిల్లో మళ్ళీ ఇంటికి.

మన జిల్లాలో దీనికి ఇంకో మెలిక ఉంది. ఊరూరా మిలట్రీవాళ్ళున్న జిల్లా మనది, ఇంటర్ అయిందంటే తెల్లారుజామున నాలుగున్నరకి హైవే పక్కన, చెరువు గట్టు మీద పరిగెత్తీ కుర్రాళ్ళు కనబడతారు. అప్పట్లో ఆర్మీ ర్యాలీలో 1,600 మీటర్లు అయిదున్నర నిమిషాల్లో కొడితే ఫుల్ మార్కులు, అయిదు నలభై అయిదు దాటితే ఇంటికే. ఆ పదిహేను సెకన్ల కోసం రెండేళ్ళు పరిగెత్తీవారు. లాక్‌డౌన్లో రోడ్డెక్కితే లాఠీ. సరే పరుగు ఆగింది, ఎలాగో పెరట్లో దండీలూ బస్కీలూ తీసుకున్నారు. ర్యాలీలు చాలావరకు ఆగిపోయాయి, రెండేళ్ళు ఆర్మీ రిక్రూట్‌మెంటే లేదు. ర్యాలీ ఆగింది గానీ వయసు ఆగదు కదా. 2022 జూన్లో ఆర్మీలోకి తీసుకునీ కొత్త పద్ధతి, అగ్నిపథ్ ప్రకటించి 21 ఏళ్ళ లిమిట్ పెట్టి, గొడవలయ్యాక ఆ ఒక్క ఏడాదికి 23 చేశారు. ఈ లోపున ఎంతమంది దాటిపోయారో మీ ఊళ్ళల్లో అడగండి. వాళ్ళకి ఏ జబ్బూ రాలేదు, ఏ రిపోర్టులోనూ వాళ్ళ పేర్లుండవు. కానీ ఏళ్ళ తరబడి ఒకే ఒక్క పనికి తయారైన ఒళ్ళు అది, ఆ పని ఇంక లేదంటే ఆ ఒంటిని ఏం చేసుకోవాలో తెలీక, పొద్దున్న లేవడం మానేసినవాళ్ళని నేను చూశాను.

వాళ్ళలో ఒక కుర్రాడి సంగతి చెప్తాను, పేరొద్దు. కాలేజీ తెరిచాక గ్రౌండుకొచ్చాడు. పాత బూట్లే, సోలు గట్టిపడిపోయింది, లేసులు మాత్రం కొత్తవి కట్టుకొచ్చాడు. ముందు మంచి రన్నరే. మూడో రౌండు మలుపు దగ్గర ఆగిపోయి కంచె పట్టుకున్నాడు. వేళ్ళు తెల్లబడిపోయేలాగ పట్టుకున్నాడు. నేను వెళ్ళీసరికి చెమటలు, నోరు ఎండిపోయి మాట రావట్లేదు, "మాస్టారూ, గుండె ఆగిపోతంది, నాకేదో అయిపోతంది" అని. నాకూ భయమేసింది, బండెక్కించుకుని ఆస్పత్రికి తీసుకుపోయాను. ఈసీజీ తీశారు, బాగుంది. ఇంకో టెస్టు, బాగుంది. అక్కడ డాక్టరు గారు వాడిని పడుకోబెట్టి నెమ్మదిగా ఏవేవో అడిగారు, ఇంట్లో ఎవరికైనా కరోనా వచ్చిందా, నువ్వు దగ్గరుండి చూశావా అని. వాడప్పుడు చెప్పాడు, వాళ్ళ పెదనాన్న ఊపిరాడక పోయాడు, ఆక్సిజన్ చూపించీ ఆ క్లిప్పు ఉంటాది కదా, అది వేలికి పెట్టి నంబరు చూసీ పని వీడిదే. తొంభై, ఎనభై ఎనిమిది, ఎనభై రెండు. అప్పట్నుంచి ఆయాసం అంటే వాడికి ఆ నంబర్లే. పరిగెత్తితే ఎవరికైనా ఆయాసం వస్తుంది, వీడికి ఆయాసం రాగానే చావు కనబడతంది. దాన్ని పానిక్ అంటారని డాక్టరు గారు చెప్పారు. ఒంటిదా, మనసుదా ఈ జబ్బు? మీరే చెప్పండి. నేనైతే అప్పట్నుంచి ఈ రెంటినీ విడదీసి మాట్లాడడం మానేశాను. వాడిని మళ్ళీ పరుగులోకి తేవడానికి ముందు నడిపించాను, నడుస్తూ మాట్లాడించాను, మాట ఆగిపోయేంత స్పీడుకి వెళ్ళనివ్వలేదు, వారం వారం కొంచెం పెంచాను. ఒక మాట మధ్యలో, కోవిడ్ వచ్చి తగ్గినవాళ్ళని వెంటనే గట్టిగా పరిగెత్తించకూడదు, గుండెకి ప్రమాదం ఉండొచ్చు, డాక్టర్ని అడిగి మెల్లిగా మొదలెట్టాలి, కోచ్‌లు ఎవరైనా ఉంటే గుర్తుంచుకోండి.

ఆడపిల్లల సంగతి. కుర్రాళ్ళకి కనీసం సందులో క్రికెట్ అయినా, చెరువులో చేపలైనా, మామిడి తోటైనా ఉన్నాయి. ఆడపిల్లలకి గుమ్మం లోపలే. కాలేజీ అంటే ఆడపిల్లకి చదువొక్కటే కాదు కదా, ఇంట్లోంచి బయటకెళ్ళడానికి అందరూ ఒప్పుకునీ ఒకే ఒక్క కారణం అది. అది పోయింది. వంట, అంట్లు, తమ్ముడి కంచం, తాతగారి మందులు, పలాస వైపైతే జీడిపిక్కల పని. ఇంట్లో ఒకటే స్మార్ట్‌ఫోను ఉంటే అది తమ్ముడికి, ఎందుకంటే వాడిది ఇంజినీరింగు. కాలేజీ తెరిచాక అటెండెన్స్ పిలుస్తుంటే కొన్ని పేర్లకి పక్కనున్నవాళ్ళు చెప్పీవారు, "పెళ్ళైపోయింది సార్" అని. మా గర్ల్స్ కబడ్డీలో మంచి రైడర్ ఒకమ్మాయి అలాగే రాలేదు. వచ్చినవాళ్ళల్లో కూడా రెండు గంటలు నిలబడితే కళ్ళు తిరిగి పడిపోయేవాళ్ళున్నారు. హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ గుడ్డు, పాలు, వేళకి తిండి, హాస్టల్ మూసేసరికి ఆ గుడ్డు కూడా పోయింది. నెలసరి తప్పిపోతోందని, ఒళ్ళు వచ్చేస్తోందని, జుట్టు ఊడిపోతోందని మా లేడీ లెక్చరర్లతో చెప్పుకునీవాళ్ళట. నిద్ర, తిండి, కదలిక, దిగులు, ఈ నాలుగూ తారుమారైతే నెలసరి దెబ్బతినొచ్చని వాళ్ళకెవరూ చెప్పలేదు, అమ్మేమో "ఫోను చూసి చూసి అలాగయ్యావు" అనీది.

ఫోను. అవును, ఫోను గురించి చెప్పకపోతే పెద్దవాళ్ళు ఊరుకోరు. (నవ్వులు) ముందు ఒక లెక్క వినండి. కరోనాకి ముందు, 2017-18లో కేంద్రం చేసిన శాంపిల్ సర్వేలో, దేశంలో పల్లెటూళ్ళల్లో వంద ఇళ్ళుంటే ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి 15, కంప్యూటర్ ఉన్నవి నాలుగో అయిదో. ఆ దేశంలో మనం రాత్రికి రాత్రి అందరికీ ఆన్‌లైన్ క్లాసులన్నాం. సీతంపేట ఏజెన్సీలో సిగ్నల్ కోసం కొండెక్కి గొడుగేసుకుని కూర్చుని నోట్సు రాసుకున్న పిల్లలున్నారు, వాళ్ళు పాపం ఫిట్‌గానే ఉన్నారు, కొండెక్కాలి కదా. (నవ్వులు) మిగతావాళ్ళు మంచం మీద. దుప్పట్లోంచి చెయ్యొకటి బయటకొచ్చి జాయిన్ నొక్కి మళ్ళీ లోపలికి. కెమెరా ఆఫ్. ఇటు లెక్చరర్ పరిస్థితీ అంతే, అరవై నల్ల డబ్బాలని చూసి పాఠం చెప్పాలి, వింటున్నారో లేదో తెలీదు, ఒక లెక్చరర్ గారు నాతో అన్నారు, "గోడకి చెప్పినట్టుంది మాస్టారూ" అని. వాళ్ళ మెంటల్ హెల్త్ గురించి ఇంకో మీటింగు పెట్టుకుందాం.

స్క్రీన్ చూసినప్పుడు మనిషి రెప్ప వెయ్యడం బాగా తగ్గిపోతుంది, అందుకే కళ్ళు మండుతాయి, ఎర్రబడతాయి. మెడ వంచి వంచి మెడ నొప్పి, భుజం నొప్పి. ఇవి చిన్నవి, తగ్గుతాయి. నిద్రే పెద్దది. ఇరవై ఏళ్ళ వయసులో ఒంట్లో గడియారం సహజంగానే ఆలస్యంగా నడుస్తుంది, పిల్లలు బద్ధకస్తులై కాదు. దాన్ని రోజూ సరిచేసీది ఏటంటే పొద్దున్న బస్సు, పొద్దున్న ఎండ. బస్సు లేదు, ఎండలోకి రాడు, రాత్రి ఫోను వెలుతురు కళ్ళల్లో. ఇంకేముంది, రోజుకో అరగంట ఆలస్యమై ఆలస్యమై తెల్లవారుజామున నాలుగింటికి పడుకునీ స్థాయికి వచ్చారు. 2020 సెప్టెంబర్ 2న పబ్‌జీ బ్యాన్ చేసినప్పుడు మా ఊళ్ళో తల్లిదండ్రులు పండగ చేసుకున్నారు, వారం తిరక్కుండా పిల్లలు ఇంకో గేమ్‌లో ఉన్నారు. (నవ్వులు) గేము తప్పని నేను అనను. ఆ రోజుల్లో ఫ్రెండు గొంతు వినబడీ చోటు వాడికి అదొక్కటే. పిల్లడు రాత్రి రెండింటికి "ఒరే వెనకున్నాడ్రా, వెనకున్నాడ్రా" అని అరుస్తున్నాడంటే కనీసం ఎవడో ఒకడితో మాట్లాడుతున్నాడు.

ఇక పరీక్షలు. పరీక్ష ఉందంటే భయం ఉంటుంది, చదువుతాడు. లేదంటే గంతులేస్తాడు. ఉందో లేదో తెలీకపోతే ఏం చేస్తాడు? 2020లో ఫైనలియర్ వాళ్ళ పరిస్థితి అదే. జులై 6న యూజీసీ సెప్టెంబర్ 30 లోపు పెట్టాల్సిందే అంది, పిల్లలు కోర్టుకెళ్ళారు, ఆగస్టు 28న సుప్రీంకోర్టు పరీక్ష లేకుండా ఫైనలియర్ పాస్ చెయ్యడానికి లేదంది. ఈ లోపున పుస్తకం తియ్యాలా మూసెయ్యాలా తెలీక రోజూ వాట్సాప్ ఫార్వర్డ్‌లు చూసుకుంటూ కూర్చోవడం. 2021లో ఇంటర్ పరీక్షలే రద్దయ్యాయి. ఆ పిల్లలు డిగ్రీకొస్తే వాళ్ళకి పేరు పెట్టేశారు, "కరోనా బ్యాచ్" అని. మా స్టాఫ్‌రూముల్లోనే అన్నారు, ఇంటర్వ్యూల్లో అన్నారు, పెళ్ళిచూపుల్లో కూడా అన్నారని విన్నాను. పరీక్ష రద్దు చేసింది వాళ్ళా? చదివినవాడూ చదవనివాడూ ఒకటే అయిపోయారు, అది చదివినవాడికి ఎంత కష్టం! ఈ మాట ఇప్పటికీ అంటున్నారు, దయచేసి మానండి.

ఇప్పుడు మనసు. మన ఊళ్ళల్లో ఏ కుర్రాడూ వచ్చి "నాకు డిప్రెషన్" అని అనడు. తలనొప్పి అంటాడు. నీరసం, గ్యాసు, కాళ్ళు పీకుతున్నాయి, ఆకల్లేదు. ఆర్‌ఎంపీ దగ్గరకి తీసుకెళ్తారు, ఆయన సెలైన్ పెట్టి బీ కాంప్లెక్స్ సూది వేస్తాడు, రెండు రోజులు బాగుంటాది, మళ్ళీ అంతే. "గుంటడు బెంగెట్టుకున్నాడు" అని ముసలమ్మ ఒకావిడ అంటాది, ఆవిడే కరెక్టు, ఆవిడ మాట ఎవరూ వినరు. డాక్టర్లు డిప్రెషన్ ఎంతుందో చూడ్డానికి పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నలు అడుగుతారు, గడిచిన రెండు వారాల్లో ఎలా ఉన్నావు అని. ఆ తొమ్మిదిలో నిద్ర ఒకటి, నీరసం ఒకటి, తిండి ఒకటి, కదలిక మరీ నెమ్మదవ్వడమో కుదురు లేకపోవడమో ఒకటి. నాలుగు ఒంటివే. అంటే మనసు జబ్బుకి సగం సాక్ష్యాలు ఒంట్లో దొరుకుతాయి.

ప్రపంచం లెక్క చెప్పాలంటే, కరోనా మొదటి ఏడాదిలో ఆందోళన, డిప్రెషన్ 25 శాతం పెరిగాయని డబ్ల్యూహెచ్‌వో 2022లో చెప్పింది. దానికి ముందు లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన అంచనా, 2020లో డిప్రెషన్ కేసులు అదనంగా 5 కోట్ల 30 లక్షలు, యాంగ్జయిటీ కేసులు 7 కోట్ల 60 లక్షలు. ఎక్కువ దెబ్బ ఆడవాళ్ళకి, కుర్ర వయసువాళ్ళకి. మన దేశంలో ఎన్‌సీఆర్‌బీ, అంటే జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల్లో ప్రాణం తీసుకున్న విద్యార్థులు 2019లో 10,335 మంది, 2020లో 12,526, 2021లో 13,089. ఇదంతా లాక్‌డౌన్ ఖాతాలో రాయడానికి లేదు, అంతకు ముందు కూడా ఏటేటా పెరుగుతూనే ఉంది. అయినా ఒక్క ఏడాదిలో రెండు వేల పైగా పెరగడం చిన్న విషయమేటి?

అందరూ పాడైపోయారని కూడా నేను చెప్పను, అది అబద్ధం. కొంతమంది బాగుపడ్డారు. హాస్టల్లో సీనియర్ల గోల భరించలేనివాడు, నలుగురిలో మాట్లాడలేనివాడు, ఇంటి తిండి తిని కంటినిండా నిద్రపోయి తేరుకున్నవాళ్ళున్నారు. ఉపాధి హామీ పనికి వెళ్ళినవాళ్ళున్నారు. ఆ ఏడాది మన రాష్ట్రంలో కూలి రోజుకి 237 రూపాయలు. బీఎస్సీ, బీటెక్ పిల్లలు అమ్మానాన్నలతో పాటు గాతాలు తవ్వడానికి వెళ్ళారు. ఒళ్ళు కదిలింది, రాత్రి పడుకుంటే తెల్లారేదాకా మెలకువ లేదు, పనిదగ్గర నలుగురితో కబుర్లు. వాళ్ళు గ్రౌండుకొచ్చినప్పుడు మిగతావాళ్ళకన్నా గట్టిగా ఉన్నారు. కొందరికి మాత్రం తట్ట మొయ్యడం కన్నా, తట్ట మోస్తుండగా ఎవడో ఫొటో తీసి గ్రూపులో పెడతాడేమో అన్న భయం ఎక్కువ బరువైంది.

ఇందాక ఆపిన ముక్క దగ్గరికి వస్తాను. పిట్స్‌బర్గ్ వాళ్ళు అడుగులు తగ్గినవాళ్ళకే డిప్రెషన్ ఎక్కువగా ఉందని చూసి, సరే, అయితే నడిపిద్దాం అనుకున్నారు. కొంతమందికి నడిస్తే డబ్బులిస్తామని చెప్పి కొన్నాళ్ళు నడిపించారు. నడిచారు, అడుగులు పెరిగాయి. మనసు? పెద్దగా మారలేదు. చూశారా. నాలాంటివాడు వెంటనే "గ్రౌండుకి రండ్రా, అన్నీ పోతాయి" అంటాడు కదా, అంత సులువు కాదన్నమాట. దాన్ని నేనెలా అర్థం చేసుకున్నానంటే, ఒంటరిగా డాబా మీద పదివేల అడుగులు వేసినా అది బస్సు కోసం పరిగెత్తిన పదివేల అడుగులతో సమానం కాదు. అక్కడ ఎదురుగా ఎవరో ఉన్నారు, వెళ్ళకపోతే "ఏరా రాలేదు" అని అడిగీవాడు ఉన్నాడు, చేరాల్సిన చోటు ఉంది. అలా అడిగీవాడు లేకుండా ఉత్త అడుగులే వేయిస్తే ఒంటికి కొంచెం మంచి జరుగుతుంది, మనసుకి సరిపోదు. పద్దెనిమిదేళ్ళు దాటినవాళ్ళకి వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒళ్ళు కదలాలని డబ్ల్యూహెచ్‌వో 2020లోనే చెప్పింది, ఆ కరోనా రోజుల్లోనే. కరెక్టే. కానీ నేనైతే అందులో సగం అయినా మనుషులతో కలిసి కదలాలి అంటాను.

ఇప్పుడు కాలేజీలు ఏం చేశాయి? తెరవగానే సిలబస్ వెనకబడిందని ముందు తీసేసింది గేమ్స్ పీరియడే. నాకు తెలిసిన కాలేజీలో సాయంత్రం గేమ్స్ అవర్ తీసి స్పెషల్ క్లాసు పెట్టారు, అది ఇప్పటికీ స్పెషల్ క్లాసే. ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపు వాయిదా, యూత్ ఫెస్టివల్ వాయిదా, ఇంటర్ కాలేజియేట్ మీట్ వాయిదా. మూసినప్పుడు ఏవి పోయాయో వాటినే, తెరిచాక కూడా ఇవ్వలేదు. ఇప్పుడు డిగ్రీ చదువుతున్న మీరు అప్పుడు హైస్కూల్లో ఉన్నారు, మీకు ఇది పాత కథ అనిపించొచ్చు, కానీ సెమినార్లో లేచి మాట్లాడమంటే చేతులు వణికీవాళ్ళు, వైవా అంటే రాత్రంతా నిద్రపట్టనివాళ్ళు, పదిమందిలో అన్నం తినలేక బాక్సు పట్టుకుని మెట్ల కింద కూర్చునీవాళ్ళు మీలో ఉన్నారు, నేను రోజూ చూస్తున్నాను. చేతులెత్తమనను, భయపడకండి. (నవ్వులు)

నేను చెప్పాల్సింది అయింది. ఎవరైనా ఏమైనా అడగాలంటే అడగండి.

(ఒక తల్లి: "మాస్టారూ, మా గుంటడు రాత్రంతా మెలకువే, పగలంతా పడకే. గదిలోంచి రాడు. అప్పుడు మొదలయ్యింది, ఇప్పటికీ అంతే. ఫోను లాక్కుంటే అన్నం మానేస్తాడు. ఏటి సెయ్యమంటారు?")

అమ్మా, ముందు లాక్కోవడం ఆపండి. రాత్రి పడుకో పడుకో అనడం కూడా ఆపండి, నిద్ర రానివాడిని పడుకోమంటే రాదు. పొద్దున్న లేవడం పట్టుకోండి. ఎప్పుడు పడుకున్నా సరే, ఒకే టైముకి లేపండి, ముందు తొమ్మిది, తర్వాత ఎనిమిదిన్నర, అలా వెనక్కి. లేపగానే ఎండలోకి ఏదో ఒక పని మీద పంపండి, పాలకో కూరకో. రోజులో ఒక్కపూటైనా అందరూ కలిసి తినండి, ఆ పూట చదువు గురించి, పక్కింటి అబ్బాయి ప్యాకేజీ గురించి మాట్లాడొద్దు. (నవ్వులు) ఇలా రెండు మూడు వారాలు చేసినా మార్పు లేకపోతే, లేదా తిండి బాగా తగ్గిపోయినా, స్నానం మానేసినా, బతికి ఏం లాభం లాంటి మాట ఒక్కటి నోట్లోంచి వచ్చినా అస్సలు ఆగొద్దు, మన రిమ్స్ గవర్నమెంటు ఆస్పత్రిలో సైకియాట్రీ ఉంది, తీసుకెళ్ళండి. గుడికి తీసుకెళ్తానంటే తీసుకెళ్ళండి, అరసవిల్లి వెళ్ళి రండి, డాక్టర్ దగ్గరికీ వెళ్ళండి, రెండూ చెయ్యొచ్చు.

(ఒక విద్యార్థి: "సార్, మనసు బాలేనప్పుడు చేసే ఆ హెల్ప్‌లైన్ ఉంది కదా, దానికి ఫోన్ చేస్తే ఇంట్లో తెలిసిపోద్దా?")

మంచి ప్రశ్న. 14416, టెలీ మానస్. 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టారు, ఇరవై నాలుగ్గంటలూ ఉంటుంది, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్ళు మీ ఇంటికి ఫోన్ చేసి మీ అబ్బాయి ఇలా అన్నాడని చెప్పడానికి లేదు, మానసిక వైద్యం తీసుకునీవాళ్ళ వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 చట్టంలోనే ఉంది. ప్రాణం మీదకొచ్చీ పరిస్థితి అయితే మాత్రం కాపాడడానికి ఎవరికో ఒకరికి చెప్పాల్సి వస్తుంది, అది మీ మంచికే. ఇంట్లో మాట్లాడ్డానికి చోటు లేకపోతే గ్రౌండుకొచ్చి చేసుకోండి, నేను దూరంగా నిలబడతాను, విజిల్ కూడా ఊదను.

(ఒక విద్యార్థిని: "సార్, అందరూ కలిసి కదలాలన్నారు. మరి గర్ల్స్‌కి గ్రౌండు టైమేదీ సార్? మేం వెళ్ళేసరికి బాయ్స్ క్రికెట్ ఆడుతుంటారు. ఆరు దాటితే చీకటి.") (చప్పట్లు)

చూశారా, గంట సేపు నేను చెప్పలేనిది ఒక్క నిమిషంలో చెప్పింది. అమ్మా, సోమవారం నుంచి నాలుగున్నర నుంచి అయిదున్నర దాకా గ్రౌండు మీది, బాయ్స్ ఆ టైములో అటు రారు, వస్తే బ్యాట్లు నా రూములో ఉంటాయి. (చప్పట్లు) లైట్లు నా చేతిలో లేవు. ప్రిన్సిపాల్ గారు ఇక్కడే ముందు వరసలో ఉన్నారు, అందరి ముందూ అడుగుతున్నాను. సార్, నాలుగు స్తంభాలు, నాలుగు ఫ్లడ్ లైట్లు.

(ప్రిన్సిపాల్: "చూద్దాం మాస్టారూ.")

చూద్దాం అంటే కుదరదు సార్, పిల్లలు రాసుకుంటున్నారు, నెల పేరు చెప్పండి. (నవ్వులు, చప్పట్లు)